ముప్ఫై ఎనిమిది అన్నాను

నవంబరు 6, మంగళవారం

ఎల్లుండి కమాండరు గారి ముందు వాంగ్మూలం ఇవ్వాలి. నోటితో చెప్పబోతే నాకు ముందుది వెనకా వెనకది ముందూ అవుతుంది. కోపం వస్తే అసలు మాటే పెగలదు. అందుకని ఇక్కడ ఒకసారి రాసుకుంటున్నాను. ఈ పుస్తకం ఓడ ఎక్కేటప్పుడు అక్క ఇచ్చింది. "ఏడాదికి ఒక్క పేజీ అయినా రాయరా" అంది. మూడేళ్ళయింది. మొదటి పేజీలో అక్క చేతిరాతతో నా పేరు తప్ప ఇందులో ఏమీ లేదు.

మాది విమానాలు దిగే యుద్ధనౌక. నా పని ఇది. డెక్ కింద రెండంతస్తులు దిగితే ఇంజను గది. పైన విమానం దిగుతూ దిగుతూ తోక కింద ఉన్న కొక్కెంతో, డెక్ మీద అడ్డంగా పరిచిన ఉక్కు వైరును అందుకుంటుంది. ఆ వైరు రెండు కొసలూ కిందకి, మా ఇంజనులోకి వస్తాయి. విమానం ముందుకు లాగుతుంటే ఇంజను వెనక్కి పట్టి ఆపుతుంది. ఎంత గట్టిగా పట్టాలో ముందే చక్రం తిప్పి డయల్ మీద పెట్టి ఉంచాలి. చిన్న విమానాలకు ఇరవై రెండు, పెద్దవాటికి ముప్ఫై ఎనిమిది. పైనుంచి ఫోనులో అంకె చెబుతారు. నేను చక్రం తిప్పి, డయల్ చూసి, అదే అంకె తిరిగి చెబుతాను. పాత ఓడలో మూడేళ్ళు, ఇక్కడ మూడేళ్ళు, ఇదే పని. బ్రహ్మవిద్యేమీ కాదు. ఓడలో నన్ను చక్రం అనే పిలుస్తారు. ఓడ కెప్టెన్‌దే కానీ చక్రం తిప్పేది మాత్రం నువ్వే అని భోజనాల దగ్గర ఒకటే వేళాకోళం.

మొన్న ఆదివారం దాడి నుంచి తిరిగొచ్చినవి వరసగా చిన్నవి. పదకొండు దిగాయి. పన్నెండోది మేమంతా పొడుగాయన అనే పైలటు నడిపే పెద్ద విమానం. పెద్దవాటిని ఎప్పుడూ చివర్న దించుతారు. ఆయన రెక్కకు గుళ్ళు తగిలి ఇంధనం కారిపోతోందని ఆ రోజు మధ్యలో దించారు. పైనుంచి ముప్ఫై ఎనిమిది అన్నారు. నేను ముప్ఫై ఎనిమిది అన్నాను. విమానం వైరును అందుకుంది. వైరు తెగింది. విమానం డెక్ అంచుదాకా వెళ్ళి సముద్రంలోకి ఒరిగింది. వెనక సీట్లో ఉన్నాయన్ను హెలికాప్టరు తీసింది. పొడుగాయన దొరకలేదు.

జరిగింది ఇంతే. ఇంతకన్నా నాకు తెలిసింది లేదు.

చదివి చూసుకుంటే మధ్యలో చక్రం తిప్పాను అని రాయడం మరిచిపోయాను. చక్రం తిప్పాను.

నవంబరు 7

ఇంజను గదిలో రంగు పెచ్చులూడుతోంది. చాలా రోజులుగా వేద్దామనుకుంటున్నాను, తీరిక దొరకలేదు. ఇవాళ దాడులు లేవు. బూడిద రంగు డబ్బా తెచ్చి గొట్టాలకీ, కమ్మీలకీ వేశాను. వైరు లాగినప్పుడు పిస్టన్ జరిగే పట్టా చివర ఉన్న ఉక్కు దిమ్మకు కూడా వేశాను. దాని మీద దెబ్బ ఒకటి ఉంది. పాతదే. డయల్ సరిగ్గా ఉంటే పిస్టన్ అంతదూరం జరగదు, దిమ్మను గుద్దదు. కాబట్టి పాతదే అయి ఉండాలి.

రంగు వాసనకు తలనొప్పి.

నవంబరు 8, గురువారం

వాంగ్మూలం అయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. కెప్టెన్ తర్వాత ఓడలో కమాండరు గారే. ఆయన గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మేకుకు తగిలించిన లైఫ్ జాకెట్. ఆయన తల ఎత్తకుండానే అడుగుతూ పోయారు.

"పైనుంచి ఎంత చెప్పారు?"

"ముప్ఫై ఎనిమిదండీ."

"నువ్వెంత పెట్టావు?"

"ముప్ఫై ఎనిమిదండీ."

"తర్వాత మావాళ్ళు వచ్చి చూసినప్పుడు కూడా డయల్ ముప్ఫై ఎనిమిది మీదే ఉంది."

"ఉందండీ."

"దిమ్మ మీద ఏదో దెబ్బ ఉందని రాశారు."

"పాతదండీ. నేను ఈ ఓడ ఎక్కక ముందునుంచీ ఉంది."

ఆయన రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను.

రూలు ప్రకారం మా గదిలో ఇద్దరుండాలి. ఒకడు తిప్పుతాడు. రెండోవాడు తన కళ్ళతో డయల్ చూసి ఫోనులో "చూశాను" అంటాడు. బాంబులెక్కించడానికి మనుషులు చాలడం లేదని మూడు వారాల క్రితం నా జోడీని పైకి పంపించేశారు. ఆ ఉత్తర్వు మీద సంతకం కమాండరు గారిదే. ఆ సంగతి ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఆయన్ను తప్పుపట్టినట్టుంటుందని ఊరుకున్నాను.

బయటికి వస్తే బెంచీ మీద బాబాయ్ కూర్చుని ఉన్నాడు. నా తర్వాత ఆయన వంతు. వైర్లు చూసే బాబాయ్. ఓడలో అందరికీ బాబాయే, కెప్టెన్ కూడా ఒక్కోసారి నోరు జారి అలాగే పిలుస్తాడు. పొద్దున్నే డెక్ మీద ఉన్న నాలుగు వైర్లనూ ఆ కొస నుంచి ఈ కొసదాకా గుడ్డతో తుడుస్తాడు. ఉక్కు పోగు తెగి ఉంటే గుడ్డ తగులుకుంటుంది. గుడ్డ మీద నమ్మకం లేక, చేతి తొడుగు తీసేసి వేళ్ళతో మళ్ళీ ఒకసారి. ఇరవై ఆరేళ్ళుగా అదే. వంద విమానాలు దిగితే వైరు మార్చాలి. ఆదివారం తెగిన వైరు తొంభై రెండోదాన్ని ఆపబోయి తెగింది. ఈసారి ఒడ్డుకు చేరాక ఆయన ఉద్యోగం మానేస్తాడు. పిన్నికి బట్టలు కుట్టే దుకాణం ఉంది. "కత్తెర ఆవిడది, వేళ్ళు నావి. పైబట్టకీ లైనింగుకీ తేడా కళ్ళు మూసుకుని చెప్తా" అంటుంటాడు.

గంట తర్వాత బయటికొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఎందుకున్నానో తెలియదు.

"ఏమడిగారు బాబాయ్?"

"తెగిన కొస బల్ల మీద పెట్టి చూపించార్రా. పోగులన్నీ విచ్చుకుపోయి ఉన్నాయి. ఇందులో ఎన్ని ముందే తెగాయో, ఎన్ని అప్పుడు తెగాయో చెప్పమన్నారు. అదెవడు చెప్పగలడు?"

"పొద్దున్న చూశావు కదా."

"చూశా. వేలికేం తగల్లేదు." తన చేతికేసి చూసుకున్నాడు. "తగల్లేదనే గుర్తు."

నవంబరు 9

మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆకలి మామూలుగానే ఉంది. నిద్ర కూడా ఫరవాలేదు.

నవంబరు 10, శనివారం

పొడుగాయన వెనక సీటాయన ఓడ ఆసుపత్రిలో ఉన్నాడు. పక్కటెముకలు విరిగాయి. అందరూ ఒకసారి వెళ్ళి పలకరిస్తున్నారు, నేను వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. మంచం పక్కన రేకు స్టూలు ఉంది. కూర్చున్నాను.

"నువ్వెవరు?"

"కింద ఇంజను గదండీ."

"ఓ, నువ్వేనా. మావాడు నీ గురించి చెప్పేవాడు."

నిరుడు ఒకరోజు పొడుగాయన మా గదికి వచ్చాడు. పైలట్లెవరూ కిందకి రారు. ఆయనే మొదటివాడు, చివరివాడు కూడా. గుమ్మానికి తల కొట్టుకుని, నుదురు రుద్దుకుంటూ, "రోజూ నన్ను పట్టుకునేదెవరో చూసిపోదామని వచ్చానయ్యా" అన్నాడు. చక్రం మీద చెయ్యి వేసి చూశాడు. ఇంత చిన్నదా అన్నాడు. నేను టీ ఇస్తే నిలబడే తాగాడు, కూర్చుంటే మోకాళ్ళు పట్టే చోటు లేదు మరి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన వెనక సీటాయనకు చెప్పాడన్నమాట.

"ఆ రోజు ఎలా ఉందో తెలుసా?" అన్నాడు మంచం మీదాయన. పైకప్పు వైపు చూస్తూ మెల్లగా మాట్లాడుతున్నాడు. "మామూలుగా కొక్కెం పడగానే ఎవరో జబ్బ పట్టి గుంజినట్టుంటుంది. పళ్ళు కదిలిపోతాయి. ఆ రోజు గుంజలేదు. మెత్తగా సాగింది. సాగుతూనే ఉంది. డెక్ అయిపోతోందిరా అన్నాడు మావాడు. మామూలుగానే అన్నాడు, కాఫీ అయిపోతోంది అన్నట్టు. అప్పుడు తెగింది. చివర్లో తెగింది. ముందు కాదు."

"ఈ మాట కమాండరు గారికి చెప్పారా?"

"చెప్పా. తలకి దెబ్బ తగిలింది, గుర్తు సరిగ్గా ఉండదు అన్నారు. ఉండదేమో మరి. నువ్వేమంటావు? నీకు తెలుస్తుంది కదా."

అందరూ నన్నే ఎందుకు అడుగుతారు. వైరు సంగతి నాకేం తెలుసు, నా గదిలో కిటికీ కూడా లేదు, అన్నాను. గొంతు కాస్త పెద్దదైంది. పక్క మంచం మీదవాడు తిరిగి చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. డ్యూటీకి వేళయిందని లేచి వచ్చేశాను. డ్యూటీ ఇంకా రెండు గంటలుంది.

నవంబరు 11

తిప్పాను.

నవంబరు 12, సోమవారం

నోటీసు బోర్డు మీద పెట్టారు. వైరు తనిఖీలో అశ్రద్ధ వల్ల ప్రమాదం. బాబాయ్ హోదా ఒక మెట్టు తగ్గించారు. వేరే మనిషి లేడు కాబట్టి, యుద్ధం ముగిసేదాకా అదే పనిలో ఉంచుతారు. ఒడ్డుకు చేరాక మిగతా విచారణ.

మధ్యాహ్నం వైర్ల గదికి వెళ్ళాను. తిరగేసిన డ్రమ్ము మీద కూర్చుని గుడ్డలు చింపుతున్నాడు. భోజనాల దగ్గర ఎప్పుడూ ఆయన బల్లకు ఏడెనిమిది మంది మూగేవాళ్ళు. ఇవాళ ఆయన ఒక్కడే తిని వెళ్ళాడని విన్నాను. చూడలేదు. నేను తర్వాత తిన్నాను.

"అన్యాయం బాబాయ్" అన్నాను.

"కాదురా. నిన్న నేనే మళ్ళీ వెళ్ళి చెప్పొచ్చా."

"ఏం చెప్పొచ్చావు?"

"ఆ పొద్దున్న వైరు మధ్యలో, ఇదిగో ఈ వేలికి, ఒక పోగు తగిలింది. సూదిమొనంత. గుడ్డలో దారమేమో అనుకుని వదిలేశా."

నాకు కాళ్ళ కింద ఓడ లేనట్టయింది. "గురువారం ఏమీ తగల్లేదన్నావు కదా" అన్నాను.

"గురువారం గుర్తురాలేదు. మనసు ఇలాంటివి దాచేస్తుందిరా. వారం నుంచి తవ్వుతుంటే నిన్న పైకొచ్చింది. ఆ పోగు ఎక్కడ తగిలిందో, అప్పుడు ఎండ ఎటునుంచి పడుతోందో కూడా కనిపిస్తోంది." గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టాడు. "మంచి మనిషిని పొట్టన పెట్టుకున్నా. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే వేళ్ళు చూడాలంటే అసహ్యంగా ఉంది."

లేని పోగు. ఆయన వేలికి ఏదీ తగల్లేదు, తగిలే అవకాశమే లేదు. ఆ మాట చెప్పగలిగినవాడు ఈ ఓడ మొత్తం మీద ఒక్కడే, వాడు దొంగకు తేలు కుట్టినట్టు అక్కడే కూర్చుని గుడ్డలు చింపడానికి సాయం చేశాడు.

పైన రాసింది కొట్టేయాలి. కొట్టేయను. ఎలాగూ ఎవరూ చదవరు.

నవంబరు 14

బాబాయ్ ఇప్పుడు ప్రతి వైరునూ మూడుసార్లు చూస్తున్నాడు. రెండు రోజుల్లో నాలుగు వైర్లు పనికిరావని తీయించాడు. అందులో ఒకటి అరవై కూడా దాటలేదు. డెక్ మీద కుర్రకారు వెనకనుంచి నవ్వుతున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడంటున్నారు. వైరు మార్చాలంటే ఎంత లేదన్నా నాలుగు నిమిషాలు. అంతసేపూ మనుషులు డెక్ మీదే ఉంటారు కాబట్టి పైన విమానాలు చుట్లు కొడుతూ ఉండాలి.

ఫోనులో అంకెలు చెప్పేవాడు ముక్కుతో మాట్లాడతాడు. ఇవాళ వాడన్నాడు, "మీ బాబాయ్‌కి పిచ్చెక్కింది చక్రం." పని చూసుకో అన్నాను.

నవంబరు 15

రేపు చెబుతాను.

నవంబరు 16

పొద్దున్నుంచీ దాడులు. కమాండరు గారు పైనే ఉన్నారు. కుదరలేదు. అక్క చిన్నప్పుడు అనేది, రేపు అనేవాడికి ఆ రేపు ఎప్పటికీ రాదు అని. అలా అనలేదేమో. ఏదో అనేది.

నవంబరు 17, శనివారం

మధ్యాహ్నం మూడున్నరకు తిరిగొచ్చినవి పధ్నాలుగు, అన్నీ చిన్నవే. తొమ్మిది దిగాయి. ఇరవై రెండు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఫోను మోగింది.

"ఆగు. వైరు మారుస్తున్నారు."

"ఎందుకు?"

"మీ బాబాయ్ అడ్డంగా నిలబడ్డాడు. పోగు తగిలిందట."

ఆగాను. డయల్ చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలు దాటాయి, ఆరయ్యాయి. కొత్త వైరు కొస గాడిలో సరిగ్గా కూర్చోలేదట, మళ్ళీ తీశారట. ఎనిమిది. ఫోనులో వాడి ఊపిరి వినిపిస్తోంది. తర్వాత, "పదో దానికి ఇంధనం అయిపోయింది" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపటికి, "ఇక నాలుగే" అన్నాడు. ముక్కుతోనే అన్నాడు. వాడి ముక్కు మీద నాకు మళ్ళీ ఎప్పుడూ కోపం రాదు.

నాలుగూ దిగాయి. పడినవాడి కోసం హెలికాప్టరు చీకటి పడేదాకా తిరిగింది. వాడి పేరు నాకు తెలియదు. నిన్న టీ వరసలో నా ముందు నిలబడ్డాడు, చక్కెర మూడు చెంచాలు వేసుకున్నాడు. నేను నవ్వితే, "పైకెళ్ళాక ఎలాగూ చేదే కదన్నా" అన్నాడు.

తీసిన వైరును కోసి చూశారు. ఒక్క పోగు కూడా తెగి లేదు.

ఇక రాస్తాను. నేను చక్రం తిప్పలేదు.

పైవాడు ముప్ఫై ఎనిమిది అన్నాడు. నేను ముప్ఫై ఎనిమిది అన్నాను. నోరు చెప్పింది, చెయ్యి కదల్లేదు. డయల్ చూసి చెప్పాలి, నేను చెవితో విన్నది నోటితో చెప్పాను. నిద్ర చాలక అని రాద్దామంటే ఆ రోజు నిద్ర చాలింది. ఏదో ఆలోచిస్తున్నాను అని రాద్దామంటే ఏమీ ఆలోచించడం లేదు. పదమూడు రోజులుగా ఒక కారణం కోసం వెతుకుతున్నాను. లేదు. పదకొండు సార్లు ఇరవై రెండు అన్నాక, పన్నెండోసారి చెయ్యి తన పని అయిపోయిందనుకుంది, అంతే.

పిస్టన్ ఆగాల్సిన చోట ఆగకుండా వెళ్ళి దిమ్మను గుద్దింది. గది మొత్తం అదిరింది. అప్పుడు డయల్ చూశాను. ఇరవై రెండు. పైన గంటలు మోగుతున్నాయి, మనుషులు పరిగెడుతున్న చప్పుడు. అప్పుడు తిప్పాను. ముప్ఫై ఎనిమిది దాకా తిప్పాను. విమానం నీళ్ళలో మునుగుతున్నప్పుడు, ఆయన ఇంకా అందులో ఉన్నప్పుడు, నా చెయ్యి ఎంత చురుగ్గా తిరిగిందో నాకు బాగా గుర్తుంది. తిప్పాను, తిప్పాను అని ఇన్ని రోజులుగా రాసింది అబద్ధం కూడా కాదు. అదే అన్నిటికన్నా చండాలంగా ఉంది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది, ఎవరూ చూడలేదనుకుని. నాకు ఆ అవసరం కూడా లేకపోయింది. చూసేవాడిని ముందే పైకి పంపేశారు.

నవంబరు 18, ఆదివారం

చెప్పాను.

కమాండరు గారి తలుపు దగ్గర ఎనిమిదింటి నుంచి నిలబడితే పదిన్నరకు పిలిచారు. గడ్డం గీసుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిలబడే చెప్పాను, నిన్న రాసినంతా చెప్పాను. దిమ్మకు రంగు వేసింది కూడా. ముందుది వెనక కాలేదు. ఆయన మొదటిసారి తల ఎత్తి నన్ను చూశారు.

"ఎన్నాళ్ళయింది నువ్వు సరిగ్గా పడుకుని?"

"నిద్ర సంగతి కాదండీ. వైరులో తప్పు లేదు. నేను తిప్పలేదు."

"మొన్న తిప్పానన్నావు. సంతకం పెట్టావు."

"అబద్ధమండీ."

"ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదని నేనెలా నమ్మాలి? ఆ పెద్దాయనంటే నీకు అభిమానం. నిన్న జరిగింది చూసి తట్టుకోలేకపోతున్నావు. నాకూ కష్టంగానే ఉంది."

"దిమ్మ మీద రంగు గీకితే దెబ్బ కనిపిస్తుందండీ. రెండో మనిషి ఉండి ఉంటే ఇది జరిగేదే కాదు."

ఆ మాట నేను ఆయన్ను అనాలని అనలేదు. ఆయన చేతిలో కలం ఆగిపోయింది. కాసేపు దాని మూత పెడుతూ, తీస్తూ కూర్చున్నారు.

"చూడు" అన్నారు చివరికి. గొంతు తగ్గించారు. "రేపు పొద్దున్న ముప్ఫై విమానాలు వెళ్తున్నాయి. వాటిని దించుకోడానికి ఆ గదిలో నువ్వు తప్ప నాకింకో మనిషి లేడు. నిన్ను తీసుకెళ్ళి గదిలో పెట్టి తాళం వేస్తే ఎవడు తిప్పుతాడు? నేనా? ఇక్కడి విచారణ అయిపోయింది. కాయితాలు ఒడ్డుకు వెళ్ళిపోయాయి. రేపటినుంచి నీ గదిలో రెండో మనిషి ఉంటాడు. అది నీ కోసం చేస్తున్నా. వెళ్ళు."

"బాబాయ్ సంగతేంటండీ?"

"ఆయన్ని వైర్ల మీంచి తీసేశాం. వెళ్ళు."

మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. చెప్పేశాను కదా, వాళ్ళు పట్టించుకోకపోతే నా తప్పా అనుకున్నాను. మొదటి అంతస్తు దిగేదాకా నిజంగానే అలా అనుకున్నాను. నా మీద నాకు ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

నవంబరు 19, సోమవారం

రెండో మనిషిగా బాబాయ్‌ని పంపారు.

ఆరుంబావుకు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. భుజం మీద చిన్న సంచీ. గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చాడు, కొత్త ఉద్యోగంలో చేరినవాడిలాగా.

"వేళ్ళతో పని లేదట. కళ్ళుంటే చాలన్నారు" అన్నాడు. "ఎక్కడ కూర్చోను?"

స్టూలు చూపించాను. డయల్ ఎదురుగానే వేసి ఉంది. టీ పోసిచ్చాను. రెండు గుక్కలు తాగనిచ్చి చెప్పాను. నిన్న పైన చెప్పినట్టు నిలబడి చెప్పలేకపోయాను. ఆయన ముందు నేలమీద కూర్చున్నాను.

"బాబాయ్, ఆ రోజు నేను చక్రం తిప్పలేదు. డయల్ ఇరవై రెండు మీదే ఉంది. పిస్టన్ చివరిదాకా పోయి గుద్దుకుంది, దాంతో వైరు తెగింది. నీ వైరు మంచిదే. నీ వేలికి ఏ పోగూ తగల్లేదు."

ఆయన నావైపే చూస్తూ విన్నాడు. మొహంలో ఏమీ మారలేదు. గ్లాసు కింద పెట్టి నా తలమీద చెయ్యి వేశాడు.

"నువ్వు ఇలాంటిదేదో చేస్తావని అనుకుంటూనే ఉన్నా" అన్నాడు. "నిన్న కమాండరు దగ్గరికెళ్ళి కూడా ఇదే చెప్పావంట కదా. ఆయన చెప్పాడు. మీవాడు నీకోసం తన మెడకి తగిలించుకోబోయాడు, మంచి కుర్రాడు అన్నాడు."

"నీకోసం కాదు. నిజం."

"నిజమేంటో నాకు తెలీదట్రా? నా వేలు అది. నాకు తగిలింది."

లేచి చాకు తీసుకుని దిమ్మ దగ్గరికి వెళ్ళి రంగు గీకాను. దెబ్బ బయటపడింది. అరచేయంత సొట్ట. కింద ఉక్కు ఇంకా మెరుస్తోంది. ఆయన్ను లాక్కొచ్చి చూపించాను. వంగి చూశాడు. ఆ వేళ్ళతో తడిమి చూస్తాడనుకున్నాను. ఇరవై ఆరేళ్ళు ఉక్కును తడిమిన వేళ్ళు, కొత్త దెబ్బేదో పాత దెబ్బేదో క్షణంలో చెబుతాయి. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇది పాతదే కదరా. నువ్వు ఓడ ఎక్కకముందునుంచీ ఉందని నువ్వే సంతకం పెట్టావంట."

"అబద్ధం రాశాను బాబాయ్. ఒక్కసారి ముట్టుకుని చూడు. చాలు."

"నా వేళ్ళని ఇంక నేను నమ్మను" అన్నాడు. కోపంగా అనలేదు. "వాటిని నమ్మక ఒకణ్ణి చంపా, నమ్మి ఇంకొకణ్ణి చంపా. నాయనా, నువ్వు చిన్నవాడివి. నీకు ముందు చాలా ఉంది. నామీద జాలితో నువ్వు పాడైపోతానంటే నేనొప్పుకోను. ఈ మాట మళ్ళీ ఎత్తావంటే నేనిక్కడ ఉండను."

ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చాడు. చంపినవాణ్ణి నేను, వీపు నిమిరింది ఆయన. ఇంతకన్నా హీనమైన సంగతి నా జన్మలో జరగదు.

తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. తిరిగొస్తున్నాయి. మొదటిదే పెద్దది, దెబ్బతిన్నదట.

"ముప్ఫై ఎనిమిది" అన్నాడు పైవాడు.

తిప్పాను. రెండు చేతులతో తిప్పాను. డయల్ చూశాను, మళ్ళీ చూశాను. ముప్ఫై ఎనిమిది అన్నాను. ఫోను బాబాయ్‌కి ఇచ్చాను.

ఆయన డయల్ వైపు తిరగలేదు. నా మొహంలోకి చూశాడు. నవ్వాడు కూడా. ఫోనులో "చూశాను" అన్నాడు.

"బాబాయ్, డయల్ చూడు."

"ఎందుకురా? నువ్వు చెప్పావు కదా."

తలమీద విమానం దిగింది. వైరు లాగింది, పిస్టన్ జరిగి ఆగాల్సిన చోట ఆగింది. పైవాడు ఇరవై రెండు అన్నాడు. తిప్పి, చూసి, చెప్పాను. "చూశాను" అన్నాడు బాబాయ్, నన్నే చూస్తూ. బతిమాలాను, తిట్టాను, భుజాలు పట్టి డయల్ వైపు తిప్పాను. కళ్ళు మూసుకున్నాడు. నువ్వు తప్పు చెప్పేవాడివి కాదురా అన్నాడు.

ఇవాళ ముప్ఫై వెళ్ళాయి, తిరిగొచ్చినవి ఇరవై తొమ్మిదీ దిగాయి. ఇరవై తొమ్మిది సార్లూ చూశాను అన్నాడు. ఒక్కసారి కూడా చూడలేదు.